గోధుమరొమ్ము ఈగపిట్ట: గజపతి, గంజాం, రాయగడ కొండల్లో వెతికేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా దాటగానే నా ఫోనుకు గోధుమ రంగు పిట్టల ఫొటోలు రావడం మొదలవుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, రాయగడ నుంచి మన తెలుగువాళ్లు పంపుతారు. అన్నిటి కిందా ఒకటే ప్రశ్న: "ఇది అదేనా?" చాలాసార్లు కాదు. ఎప్పుడో ఒకసారి అవును. ఆ ఒక్కటీ చేజారిపోకూడదని, ఏటా వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ముందున్నవి చదవకపోయినా అర్థమవుతుంది.

## ముందుగా పిట్ట గురించి

ఇంతకీ ఇది ఏ పిట్ట? మా జీడితోటలో చలికాలమంతా కనిపించేది ఇదే కదా?

కాకపోవచ్చు. తోటల్లో చలికాలమంతా కనిపించేది ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్, అంటే ఆసియా గోధుమ ఈగపిట్ట. సైబీరియా, హిమాలయాల వైపు నుంచి వస్తుంది. బయటికి కనిపించే కొమ్మ మీద కూర్చుని, ఎగిరి పురుగును పట్టి, మళ్లీ అదే కొమ్మకు చేరుతుంది. మనం వెతికేది దాని దాయాది, బ్రౌన్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్. ఇక్కడ దాన్ని గోధుమరొమ్ము ఈగపిట్ట అంటున్నాను. 13, 14 సెంటీమీటర్ల పొడవు, పిచ్చుక కన్నా కాస్త చిన్నది. బరువు మూడు నాలుగు రూపాయి బిళ్లలంత. రెండూ గోధుమ రంగువే, రెండింటికీ పెద్ద కళ్లు, కంటి చుట్టూ తెల్లని వలయం ఉంటాయి. అందుకే ఇంత తికమక. గోధుమరొమ్ముది మాత్రం దాక్కునే స్వభావం. నీడలో, పొదల్లో, నేలకు దగ్గరగా ఉంటుంది.

దీనికి తెలుగులో పాత పేరు లేదా? 'గోధుమరొమ్ము' మీరు పెట్టిందేనా?

అవును, ఇంగ్లిషు పేరును అనుసరించి వాడుతున్నదే. మా ఇంటి పెద్దవాళ్లకు తోకపిగిలిపిట్ట తెలుసు, వంగపండు పిట్ట తెలుసు. ఇలాంటి చిన్న గోధుమ పిట్టలన్నీ వాళ్లకు ఒకటే. కానీ పేరు లేదని తేల్చేసే ముందు అడగాల్సిన వాళ్లను మనం అడగలేదు. ఈ కొండల్లో సవరలు ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అదే ఊళ్లో ఉంటూ మనం సవర ఊరికి పిట్ట ఫొటో పట్టుకెళ్లి "దీన్ని ఏమంటారు?" అని అడగకపోవడం నాకు లోటుగానే ఉంది. మీలో ఎవరైనా అడిగితే, వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోండి. పక్కన ఆ ఊరి పేరు కూడా రాయండి.

శాస్త్రీయ నామంలో 'ముట్టుయి' అని ఉంది. అదేం మాట?

అది ఒక మనిషి పేరు. ముత్తు. శ్రీలంకలో జాఫ్నా దగ్గర పాయింట్ పెడ్రోలో ఉద్యోగం చేసిన ఎడ్గర్ లేయర్డ్ దగ్గర ఆయన పనివాడు. ఈ పిట్టను పట్టి తెచ్చింది ముత్తే. లేయర్డ్ 1854లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి ఆయన పేరే పెట్టాడు. పిట్టల పేర్లలో దొరల పేర్లు కోకొల్లలు. పొదల్లోకి వెళ్లి పిట్టను తెచ్చిన మనిషి పేరు నిలవడం అరుదు. ఈ పిట్ట మీద నాకున్న ఇష్టంలో సగం దీనివల్లే.

ఇది ఎక్కడినుంచి వస్తుంది? మన కొండల్లో ఎందుకు ఆగుతుంది?

వేసవిలో ఈశాన్య భారతం, దక్షిణ చైనా, ఉత్తర మయన్మార్ అడవుల్లో పిల్లలను పెడుతుంది. చలికాలం పడమటి కనుమల్లో, శ్రీలంకలో గడుపుతుంది. మధ్యలో రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఇంటి గోడ మీది భారతదేశం పటంలో గువాహటి నుంచి కొచ్చికి స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత గోపాల్‌పూర్ తీరాన్ని దాదాపు ఒరుసుకుంటూ పోతుంది. పిట్టలు స్కేలు పట్టుకుని ఎగరవు. కానీ చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి, తెల్లవారాక నీడా నీళ్లూ పురుగులూ ఉన్నచోట దిగుతాయి. ఆ దారిలో తీరం వెంట ఊళ్లు, వరిపొలాలు ఉన్నాయి. కాస్త లోపలికి వస్తే 1,501 మీటర్ల మహేంద్రగిరి, దాని చుట్టూ వాగులు, వెదురు. అలసిన పిట్టకు ఇంతకన్నా మంచి మజిలీ ఏది?

అరుదు అంటున్నారు. అంతరించిపోతోందా?

లేదు. ప్రపంచ స్థాయిలో ప్రమాదంలో ఉన్న జాతుల్లో దీన్ని చేర్చలేదు. కేరళలో, శ్రీలంకలో సరైన అడవికి వెళ్తే చలికాలంలో కనిపిస్తుంది. మన జిల్లాల్లో కొద్దిరోజులే ఆగుతుంది కాబట్టి మనకు అరుదు.

మన వైపు కొండల్లో పిట్టల మీద ఇంతకుముందు ఎవరైనా పని చేశారా?

విశాఖ వైపు చేశారు. 1970లలో ట్రెవర్ ప్రైస్ లంబసింగిలో ఉండి వలస పిట్టలను గమనించాడు. 1980లలో విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు, అమెరికా పక్షి శాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ కలిసి అక్కడి తూర్పు కనుమల్లో తిరిగారు. ఈశాన్యంలో, ఇంకా తూర్పు దేశాల్లో ఉంటుందనుకున్న అబాట్ బాబ్లర్ అనే పిట్ట విశాఖ అడవుల్లో బయటపడింది. ఇక్కడి ఉపజాతికి కృష్ణరాజు గారి పేరే పెట్టారు. అక్కడ శ్రద్ధగా చూసినవాళ్లు ఉన్నారు కాబట్టి దొరికింది. అదే కొండల వరుస గజపతి, రాయగడ, కొరాపుట్‌లలోకి సాగుతుంది. ఇవతలి వైపు తెల్లవారుజామున బైనాక్యులర్‌తో తిరిగేవాళ్లు ఇప్పటికీ కొద్దిమందే. మన పటంలో ఖాళీలు కనిపిస్తే, అక్కడ పిట్ట లేదనుకోకండి. చూసే మనిషి లేడు, అంతే.

## వెతకడానికి బయల్దేరేటప్పుడు

ఏ నెలలో వెళ్లాలి?

దక్షిణానికి పోయేటప్పుడు సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మొదటి వారం దాకా. అక్టోబరు నడిమి రోజులు నాకు ఇష్టం. తిరుగు ప్రయాణం ఏప్రిల్‌లో. అప్పుడు ఎండ ముదిరి, ఆకు రాలి, నీడ ఉన్న వాగులు కొన్నే మిగులుతాయి. వెతకాల్సిన చోట్లు తగ్గుతాయి కాబట్టి ఏప్రిల్‌ను తక్కువగా చూడకండి. జనవరిలో కనిపించిందంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి. అది చాలావరకు ఆసియా గోధుమ ఈగపిట్ట అయి ఉంటుంది.

ఎలాంటి చోట? ఏ వేళ?

వాగు పక్కన చీకటిగా ఉండే చోటు. వెదురు పొద, లంటానా, పైన పెద్ద మామిడి చెట్ల నీడ, కింద కుళ్లిన ఆకు. గజపతిలో గండాహతి జలపాతం కింది వాగు, మహేంద్రగిరి వాలు, గంజాంలో తప్తపాణి చుట్టూ ఉన్న అడవి అలాంటివే. కొరాపుట్ వైపు వారికి నీడ చెట్ల కింది కాఫీ తోటలు ఉన్నాయి.

వేళ విషయానికి వస్తే, వెలుగు సరిగా రాకముందు ఒక అరగంట, సాయంత్రం వెలుగు పోతున్నప్పుడు ఇంకో అరగంట. మిగతా సమయం అది కదలకుండా కూర్చుంటుంది. అందుకని మీరు నడవకండి, కూర్చోండి.

గండాహతి దగ్గర ఒక అక్టోబరు ఉదయం నేను బండమీద నలభై నిమిషాలు కూర్చున్నాను. దోమలు తప్ప ఏమీ లేవు. లేద్దామనుకునేసరికి ఎదురుగా 'టక్' అని చిన్న చప్పుడు, ఎండుపుల్ల విరిగినంత. పిట్ట ముక్కు మూసుకున్న చప్పుడది. మోకాలెత్తు లంటానా కాడ మీద పిట్ట ఉంది. ఎంతసేపటినుంచి ఉందో! పురుగును మింగి, ఒకసారి రెక్క విదిల్చి, మళ్లీ బొమ్మలా అయిపోయింది. కాళ్లు ఎండుగడ్డి రంగులో ఉన్నాయి.

తుపాను వెళ్లాక మర్నాడు పిట్టలు ఎక్కువగా కనిపిస్తాయంటారు. నిజమేనా?

గాలివానకు వలస పిట్టలు కిందికి దిగిపోతాయి, వాన వెలిసేదాకా కదలవు. కాబట్టి కనిపించే అవకాశం పెరుగుతుంది. మన తీరానికి ఇది పుస్తకంలో మాట కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ సరిగ్గా వలస మధ్యలో. పది పన్నెండు గ్రాముల పిట్ట ఆ రాత్రులు ఎక్కడ తలదాచుకుందో తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

అయినా నా మాట వినండి. తిత్లీకి గజపతి కొండలు విరిగిపడి మనుషులు పోయారు. తుపాను తర్వాత రెండు మూడు రోజులు కొండవాలుకూ వాగుకూ పోవద్దు. మీ ఊళ్లోనే చెరువుగట్టు మామిడితోపులో, గుడి వెనక మర్రి కింద చూడండి. అలాంటప్పుడు పిట్టలు అక్కడా దిగుతాయి.

ఫోనులో దాని కూత పెట్టి రప్పించవచ్చా?

వద్దు. అది ఇక్కడ ఆగేది తిని, ఒంట్లో కొవ్వు చేర్చుకుని ముందుకు పోవడానికి. పోటీదారు వచ్చాడనుకుని పొద పొదకూ తిరిగితే ఆ బలం మీ ఫొటో కోసం ఖర్చవుతుంది.

## కనిపించినప్పుడు

రెండు క్షణాలే కనిపిస్తుంది. మొట్టమొదట ఏమి చూడాలి?

కాళ్లు. ముఖం చూడాలనిపిస్తుంది, రొమ్ము చూడాలనిపిస్తుంది. ఆపుకుని కాళ్లు చూడండి. ఆసియా గోధుమ ఈగపిట్టవి కాల్చిన అగ్గిపుల్లలా నల్లగా ఉంటాయి. గోధుమరొమ్మువి పాలిపోయిన పసుపు, ఎండుగడ్డి రంగు. ఇంకో క్షణం దొరికితే కింది ముక్కు చూడండి. గోధుమరొమ్ముకు అది మొదలు నుంచి కొన దాకా పసుపుగా ఉంటుంది. ఆసియా గోధుమకు మొదట్లోనే లేతగా ఉండి, కొన నల్లబడుతుంది. ఈ రెండూ కుదిరితే మీరు చూసింది దాదాపు అదే.

కాళ్లు ఆకుల చాటున ఉన్నాయి. ఇంకే గుర్తులు పట్టుకోవాలి?

గొంతు తెల్లగా ఉండి, దానికి అటూ ఇటూ దవడ నుంచి దిగే ముదురు గీత ఉందా? తెల్ల గొంతు కింద రొమ్ము అడ్డంగా గోధుమ రంగు పూసినట్టు ఉందా? రెక్క ఈకల అంచులు, తోక మొదలు ఎరుపు తిరిగి ఉన్నాయా? ముక్కు ఆ చిన్న తలకు పెద్దదిగా కనిపిస్తుందా? ఇవన్నీ గోధుమరొమ్ము వైపు మొగ్గే గుర్తులు. ఆసియా గోధుమ మొత్తం మీద బూడిద తిరిగి చల్లగా కనిపిస్తుంది, రొమ్ము మీద మసక మరక మాత్రమే ఉంటుంది.

ఒక హెచ్చరిక. సాయంత్రపు ఎండలో ప్రతి గోధుమ పిట్టా ఎర్రగానే కనిపిస్తుంది. నేనే ఒక ఏడాది అలాంటి వెలుగులో చూసి గోధుమరొమ్ము అని రాసేశాను. మర్నాడు పొద్దున్న అదే కొమ్మ మీద, నీడలో, నల్లటి కాళ్లతో అదే పిట్ట కూర్చుంది. రాసింది దిద్దాను. అందుకే రంగు ఒక్కదాన్ని నమ్మి పేరు పెట్టకండి.

తోక పైకెత్తి ఆడిస్తోంది, టర్ర్‌మని అరుస్తోంది. ఇదేనా?

కాదు. అది టైగా ఫ్లైక్యాచర్. నల్లటి తోక, మొదట్లో రెండు పక్కలా తెలుపు. చలికాలంలో మన తోటల్లో బాగా కనిపిస్తుంది.

నీలంగా ఉంది, రొమ్ము నారింజ రంగు. వలస పిట్టేనా?

ఏడాది పొడవునా మన అడవుల్లోనే ఉండే టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ మగది అయి ఉంటుంది. రొమ్ము కూడా నీలిపచ్చగానే ఉండి, చెట్టు చిటారున కూర్చుంటే వెర్డిటర్ ఫ్లైక్యాచర్. అది చలికాలపు అతిథి. తోకపిగిలిపిట్టను కూడా ఇంగ్లిషులో ఫ్లైక్యాచర్ అంటారు గానీ దాని కుటుంబమే వేరు.

యాప్ ఆసియా గోధుమ అని చెప్పింది. ఇక వాదం ఎందుకు?

పిట్టలను గుర్తుపట్టే మెర్లిన్ లాంటి యాప్ మీరున్న చోటును, తేదీని చూసి అక్కడ ఎక్కువగా నమోదైన పిట్టలను ముందుకు తెస్తుంది. మామూలు పిట్టకు ఇది బాగా పనిచేస్తుంది. మన జిల్లాల్లో నమోదులే తక్కువ. గోధుమరొమ్మును ఎవరూ రాయకపోతే యాప్ దాన్ని ముందుకు తేదు, యాప్ చెప్పలేదని మళ్లీ ఎవరూ రాయరు. యాప్ మాట వినండి, ఆ తర్వాత ఫొటో పెద్దది చేసి కాళ్లూ కింది ముక్కూ మీ కళ్లతో చూడండి. అది ఎటు చెప్పినా ఈ పని మాత్రం మానకండి.

## రాసుకునేటప్పుడు

ఫొటో లేదు. రాస్తే నమ్ముతారా?

చూసినదాన్ని అక్కడికక్కడే రాస్తే నమ్ముతారు. పుస్తకం గానీ యాప్ గానీ తెరవకముందే రాయండి. ఎంత దూరం, వెలుగు ఎటు, కాళ్ల రంగు, కింది ముక్కు కొన, రొమ్ము, కూర్చున్న ఎత్తు, ఎంతసేపు చూశారు. కనిపించనిదాన్ని కనిపించలేదని రాయండి. "కాళ్లు కనిపించలేదు" అనే వాక్యం ఉన్న వివరణను నేను ఎక్కువగా నమ్ముతాను. ఫొటో తీస్తే మసకగా ఉన్నా ఉంచండి. మసక ఫొటోలో కూడా కాళ్లు నలుపో కాదో తెలిసిపోతుంది.

మహేంద్రతనయ ఒడ్డున చూశాను, అవతలికి ఎగిరిపోయింది. ఒడిశాలో రాయాలా, ఆంధ్రలోనా?

పిట్టను చూసినప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారో ఆ చోటు పెట్టండి, ఎటు ఎగిరిందో వ్యాఖ్యలో రాయండి. పర్లాకిమిడి వాళ్లకు ఇది రోజూ వచ్చే ఇబ్బందే. కాస్త నడిస్తే పాతపట్నం. చూసిన పిట్టలను నమోదు చేసే వెబ్‌సైటు ఈ-బర్డ్‌లో జాబితా జిల్లాలవారీగా, రాష్ట్రాలవారీగా చేరుతుంది. 'పర్లాకిమిడి' అని ఊరి పేరు పెట్టేసి శ్రీకాకుళం జిల్లాలో ఐదు కిలోమీటర్లు నడిస్తే ఆ పిట్టలన్నీ గజపతి లెక్కలోకి పోతాయి. హద్దు దాటగానే ఆ జాబితా ముగించి కొత్తది మొదలుపెట్టండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత పిట్టకు తెలియదు, మన లెక్కలకు మాత్రం అవసరం.

నేను కళ్లారా చూశాను. అయినా ఈ-బర్డ్ పరిశీలకులు నిర్ధారించలేదు. నన్ను అబద్ధాలకోరు అన్నట్టా?

కాదు. నిర్ధారించనంత మాత్రాన మీరు చూసింది అబద్ధం కాదు. వాళ్ల ముందున్న ఆధారం చాలలేదు, అంతే. ఆ పరిశీలకుడు మీ వాగు దగ్గర లేడు, అతనికి మీ వాక్యాలే కళ్లు. వివరణ ఇంకా ఇవ్వగలిగితే ఇవ్వండి. లేకపోతే 'గోధుమ ఈగపిట్టల్లో ఏదో ఒకటి' అనే స్థాయికి మార్చండి, మీ సొంత పుస్తకంలో మాత్రం మొత్తం ఉంచుకోండి. నా పుస్తకంలో అలాంటి పేజీలు చాలా ఉన్నాయి. సందేహంగా చూసినదాన్ని సందేహంగానే రాసినవాళ్ల మాటను నేను ఎప్పుడూ గౌరవంగా చదువుతాను.

కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిన పిట్ట దొరికింది. ఏమి చేయాలి?

పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి: కాళ్లు, ముక్కు పక్కనుంచీ కిందనుంచీ, విప్పిన రెక్క, తోక. కాలికి లోహపు ఉంగరం ఉంటే దాని మీది అంకె తప్పకుండా రాసుకోండి. మన దేశంలో పిట్టలకు ఉంగరాలు తొడిగే పని ఎక్కువగా చేసింది 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, వాళ్లకు తెలియజేయండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి పిట్టను ఇంట్లో దాచుకోకండి, దగ్గరలోని అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. చచ్చిపోకుండా సొమ్మసిల్లితే గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి, నోట్లో నీళ్లు పోయకండి. గంటలోపు చాలావరకు తేరుకుని ఎగిరిపోతుంది.

పోయిన ఏడాది చూసిన చోటే మూడు వారాలు వెళ్లాను. కనిపించలేదు. ఇక ఏమి రాయాలి?

వెళ్లిన ప్రతిరోజూ రాయండి. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంతసేపు ఉన్నారు, ఏ ఏ పిట్టలు కనిపించాయి, పూర్తి జాబితా. గోధుమరొమ్ము లేని ఇరవై ఒక్క జాబితాల మధ్య అది ఉన్న ఒక్క జాబితా పడినప్పుడే, ఈ వాగుకు అది ఏ వారంలో వస్తుందో తెలిసేది. పొదలు నరికిన ఆనవాళ్లు, కొత్తగా వేసిన దారి, ఎండిన వాగు చూస్తే అది కూడా రాయండి. ఏప్రిల్‌లో అదే బండ దగ్గరికి మళ్లీ వెళ్లండి, వెలుగు రాకముందే.